నగర్నార్ చుట్టూ స్వతంత్ర నియంత్రణ నిపుణులు

ప్రశ్న: జగదల్‌పూర్‌లో ఉంటూ పీఎల్‌సీ, స్కాడా పనులను సొంతంగా చేపట్టి జీవించడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కానీ మొదటి రోజునుంచే కాదు. జగదల్‌పూర్‌కు చేరువలోని నగర్నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైంది. నైరుతి దిశలో బచేలి, కిరండూల్ ఇనుప గనులున్నాయి. ఇటువంటి చోట్ల సెన్సర్ల సంకేతాలను చదివి మోటార్లను, వాల్వులను నడిపే పారిశ్రామిక కంప్యూటరే పీఎల్‌సీ కాగా, వాటన్నిటినీ కంట్రోల్ రూమ్ తెరపై చూపి, ఆదేశాలిచ్చే వీలు కల్పించేది స్కాడా. పెద్ద సంస్థలు సాధారణంగా టెండర్లలో పూర్వానుభవం అడుగుతాయి కనుక, ఒంటరి నిపుణుడు ఆటోమేషన్ కంపెనీల కింద సబ్‌కాంట్రాక్టు తీసుకుని ప్రవేశించడమే ఆచరణీయం.

ఈ వృత్తిలో నైపుణ్యం కన్నా ముందు పరీక్షకు నిలిచేది క్రమశిక్షణ. కన్వేయర్ పరీక్షించేటప్పుడు, తాడు లాగితే బెల్టును ఆపే అత్యవసర స్విచ్ సంకేతాన్ని ‘ఫోర్స్’ చేసి, అంటే అసలు స్థితితో నిమిత్తం లేకుండా ప్రోగ్రామ్‌లో స్థిరపరచి, తీసివేయడం మరిస్తే, ఆపదలో కార్మికుడు తాడు లాగినా బెల్టు ఆగకపోవచ్చు. కనుక మార్పుకు ముందు పాత ప్రోగ్రామ్ ప్రతిని భద్రపరచి, ముగింపున ఫోర్స్‌లన్నీ తొలగించి, మార్పుల పట్టికపై కర్మాగార ఇంజినీరు సంతకం తీసుకున్న తర్వాతే బిల్లు పంపాలి.