భోగి నాడు వదిలేది, సంక్రాంతి నాడు తలచేది

ధనుర్మాసం చివరికి వచ్చేసరికి ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు ఏటా ఒకటే ప్రశ్న వేస్తారు: "బాల్కనీలో మంట వెయ్యకూడదు కదా, మరి మనకి భోగి ఎలా?" న్యాయమైన ప్రశ్నే. ఊళ్లో అయితే తెల్లవారుజామున విరిగిన మంచం కోళ్లు, చెదలు పట్టిన తలుపు చెక్కలు, పాత చీపుళ్లు మంటలో పడేవి. పిల్లలు భోగిపిడకల దండలు తెచ్చి వేసేవారు. ఇక్కడ మనకు మిగిలినవి రేగుపళ్లు, చిల్లర నాణేలు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు.

అయితే పండుగ అర్థం మంటలోనే లేదు, రోజుల వరుసలో కూడా ఉంది. భోగి నాడు పాతవి అగ్నికి ఇస్తాం. మర్నాడు ఉత్తరాయణ పుణ్యకాలంలో, తండ్రి గతించినవారు నువ్వులు, నీళ్లతో పితృదేవతలకు తర్పణం విడుస్తారు. ఈ రెండు రోజులూ పక్కపక్కనే వచ్చాయి. మంటలో పడింది విరిగిన సామాను. పెద్దలకు మాత్రం నీళ్లిచ్చి, పేరు పెట్టి పిలిచాం. పాతవన్నీ ఒక్కటి కాదని మన ఆచారం ఇంత తేలిగ్గా చెప్పేసింది.

వైద్యులుగా మాకు ఈ తేడా ఎంత అవసరమో 2020 తర్వాత బాగా తెలిసింది. ఆ ఏడాది మార్చిలో భారతదేశానికి విమానాలు ఆగిపోయాయి. మే 7న వందే భారత్ కింద మొదటి విమానాలు అబుధాబి నుంచి కొచ్చికి, దుబాయ్ నుంచి కోళికోడ్‌కు వెళ్లేదాకా కదిలే దారి లేదు. ఈ మధ్యకాలంలో తల్లినో తండ్రినో పోగొట్టుకుని, అంత్యక్రియలు ఫోన్ తెర మీద చూసినవారు మన మధ్యే ఉన్నారు. గుండె దడ, నిద్ర లేదు అంటూ వస్తారు. ఈసీజీ బాగానే ఉంటుంది. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు మాట బయటికొస్తుంది: "తలకొరివి పెట్టలేకపోయాను డాక్టరుగారూ."

2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు, ఆరు నెలలు దాటినా తీవ్రత తగ్గక రోజువారీ జీవితాన్ని అడ్డుకునే దుఃఖాన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. అలాంటివారు సిగ్గుపడకుండా వైద్యుణ్ణి కలవాలి. దానితోపాటు మన శాస్త్రం తెరిచి ఉంచిన దారి కూడా తెలుసుకోవాలి. తిథి తప్పినా, తెలియకపోయినా మహాలయ అమావాస్య ఉంది. ఏటేటా సంక్రాంతి తర్పణం ఉంది. ఆ రోజు రాలేకపోయిన కొడుకును మన పద్ధతి గుమ్మం బయట నిలబెట్టలేదు. భోగి మంటలో వెయ్యాల్సింది ఆ అపరాధ భావాన్ని. అమ్మానాన్నల జ్ఞాపకాన్ని కాదు.

ఇదే సంగతి గుడి విషయంలోనూ చూశాం. బర్ దుబాయ్‌లో క్రీక్ ఒడ్డున, మసీదు వెనుక ఇరుకు సందులో, పూలమ్మే దుకాణాల మధ్య 1950ల నుంచి ఉన్న శివాలయం 2024 జనవరిలో జెబెల్ అలీకి తరలింది. జనం పెరిగారు, ఆ సందు పెరగలేదు. 2022 అక్టోబరు 4న, విజయదశమికి ముందురోజు, ప్రారంభమైన కొత్త మందిరంలో పదహారు దేవతా మూర్తులున్నారు. గురుద్వారా, చర్చిలు ఇరుగుపొరుగు. అయినా మన పెద్దవాళ్లు కొందరు "ఆ మెట్లెక్కితేనే దర్శనం చేసుకున్నట్టుండేది" అంటూ ఇంకా అటు వెళ్లడం లేదు. ముప్పై ఏళ్లు శివరాత్రి గడిపిన చోటు మీద మమకారం ఉండదా? వాళ్లతో వాదించకండి. ఒక సెలవు రోజు కారెక్కించి తీసుకెళ్లండి, పాత గుడి కబుర్లు అక్కడే కూర్చుని చెప్పించుకోండి. శివుడు చోటు మారినా ఆ కబుర్లు చెప్పగలిగేది వాళ్లే.

ఇక ఈ భోగికి మంట లేకపోయినా అల్మారా ఉంది. వాడని బట్టలు బాగున్నవి చూసి ఇవ్వండి, పనికిరానివి తీసెయ్యండి. తర్పణం విడిచేవారికి ఒక చిన్న మాట. గోత్రం, అటు ఇటు మూడు తరాల పేర్లు చెప్పాలి. అవి ఇప్పుడే కాగితం మీద రాసి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒకసారి చదవండి. పుణ్యకాలం దాటిపోతుంటే ముత్తాతగారి పేరు కోసం ఊరికి ఫోన్ చేసే హడావుడి తప్పుతుంది.