ఆళ్లగడ్డ దారిలో అంబాసిడర్ ఆగితే

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద, పెళ్లి బాడుగకో అహోబిలం యాత్రకో పాత అంబాసిడర్‌ను, పద్మినిని తోలే డ్రైవర్ల కోసం ఈ నాలుగు మాటలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇక్కడ బండి మొరాయిస్తే, తర్వాత చేసే పని ఎంత ముఖ్యమో ఆ పనుల వరస కూడా అంతే ముఖ్యం.

మొదట మనుషులు. బండిని ఎడమ అంచు దాటించి, ప్రయాణికులను దించి రోడ్డుకు దూరంగా నీడలో కూర్చోబెట్టండి. వెనక కనీసం యాభై మీటర్ల అవతల ఎర్ర త్రికోణం పెట్టండి. నాలుగు వరుసల రోడ్డు మీద ఇంకా దూరమైతే మరీ మంచిది. సాయానికి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033.

తర్వాత సెల్ఫ్ మీది నుంచి చెయ్యి తీయండి. కొట్టిందే కొడితే బ్యాటరీ దిగిపోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. పెట్రోలు ఇంజన్ ఆగిందంటే ప్రశ్న ఒకటే: కరెంటా, పెట్రోలా? ముందు కరెంటే చూడండి. పెట్రోలు పైపు విప్పాక నిప్పురవ్వ రప్పించడం ప్రాణాంతకం. ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసుకుని, ఒక ప్లగ్గు విప్పి వైరు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టించండి. నీలి రవ్వ రాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడండి. నల్లబడితే సన్నటి గరుకు కాగితంతో తుడిచి, సందు సరిచేయండి. అయినా రాకపోతే కండెన్సర్ మార్చండి.

కరెంటు ఉంటే పెట్రోలే. వేడెక్కిన ఇంజన్ పక్కనే ఉండే పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ చుట్టి అరగంట ఆగండి. చాలాసార్లు అంతే వైద్యం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోలేవు. వాటిని ముందే మార్పించుకోండి.

ఛార్జింగ్ ఎర్రలైటు వెలిగి, వేడి ముల్లు కూడా పైకి పాకిందంటే ఫ్యాన్ బెల్ట్ తెగిందేమో చూడండి. ఆ బెల్టే నీటి పంపునూ తిప్పుతుంది. సిరివెళ్ల దాకా ఎలాగోలా పోదామనుకుంటే హెడ్ గాస్కెట్ పోతుంది, వందల ఖర్చు వేలకు చేరుతుంది. రేడియేటర్ మూత వేడి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. చేతులు, ముఖం కాలిపోతాయి. కాలిన ఇంజన్‌లో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు. కేసీ కాలువలో నీళ్లున్నా, ఒండ్రు కలిసినవైతే గుడ్డలో వడగట్టనిదే పోయకండి.

ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడితే ఇక ప్రయత్నించవద్దు. ట్రైలర్ పిలిపించి, ప్రయాణికులను బస్సెక్కించండి.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని సామాను ప్రతి ఊళ్లో దొరకదు. అందుకే బండి యజమానులకు నా విన్నపం: బెల్టు, పాయింట్లు, కండెన్సర్, హోస్ పైపు, క్లిప్పులు, ఒక క్యాను మంచినీళ్లు మీ ఖర్చుతో డిక్కీలో పెట్టించండి. బండి ఆగిన రోజు డ్రైవరు కూలి కోయకండి.