జ్ఞాన దంతం, ఎత్తు పన్ను – పీకించుకునే ముందు

పోయిన చలికాలంలో ధర్మపురి దిక్కు నుండి ఒక తల్లి, ఇరవై ఏళ్ళ కూతురు మా ఓ.పి.కి వచ్చారు. అమ్మాయికి పైవరుసలో ముందు పన్ను ఒకటి ఎత్తుగా ఉంది. కింది దవడ చివర జ్ఞాన దంతం వస్తూ వారం రోజులుగా నొప్పి. తల్లి ఇట్లా అన్నది: “సిస్టరమ్మా, ఎన్క పన్ను నూకుతాంది, అందుకే ముంగటి పన్ను బయటికచ్చింది. రెండూ పీకి ముంగట కొత్తది పెట్టియ్యుండ్రి. మాఘమాసంల పెండ్లి.”

ఈ మాట మేము తరచుగా వింటాము. కాబట్టి ఈసారి పాఠం పళ్ళ గురించే.

ముందుగా ఆ తల్లి అనుమానం చూద్దాం. కింది దవడలోని పన్ను పైదవడలోని పన్నును నూకలేదు. ఒకే దవడలో ఉన్నా, ముందు పళ్ళు వంకర పోవడానికి జ్ఞాన దంతం కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు. జ్ఞాన దంతాలు అసలు రానివారిలో కూడా వయసుతో పాటు ముందు పళ్ళు కొంత ఇరుకవుతుంటాయి. అంటే వెనక పన్ను తీయించినంత మాత్రాన ముందు పన్ను లోపలికి పోదు.

జ్ఞాన దంతం సాధారణంగా 17 నుండి 25 ఏళ్ళ మధ్య వస్తుంది. మన దగ్గర ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు కూడా దీన్ని ‘అక్కల్ దాడ్’ అనే అంటారు, తెలివి వచ్చే వయసులో వచ్చే పన్ను అని. దవడలో చోటు సరిపోకపోతే అది అడ్డంగానో, సగమో వచ్చి ఆగిపోతుంది. సగం వచ్చిన పన్ను మీద చిగురు మూతలాగ కప్పి ఉంటుంది. ఆ మూత కింద అన్నం మెతుకులు చేరి, కుళ్ళి, చీము పడుతుంది. అప్పుడు నోరు తెరవరాదు, చెవి దాకా పోటు పెడుతుంది. ఆ చిగురు కింద శుభ్రం చేయించుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ళు రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలిస్తే చాలామందికి తగ్గుతుంది. గ్లాసు నీళ్ళకు అర టీస్పూను ఉప్పు చాలు. నొప్పి గోలీని చిగురు మీద అదిమి పెట్టకండి, అక్కడ పుండు పడుతుంది. బయట చెంపకు వేడి కాపడం కూడా పెట్టవద్దు.

ఇక్కడ మాకు చాలా బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. చెంప వాచినా మెడికల్ షాపు గోలీలతో వారం గడిపి, గదవ కింద గట్టిగా వాచిన తర్వాత వచ్చేవారు ఉన్నారు. మింగరాకపోవడం, నాలుక పైకి లేవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ వాపు గొంతును మూసివేయగలదు. రాత్రయినా సరే, ఆక్సిజన్, ఆపరేషన్ వసతి ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి. షుగరు ఉన్నవారి విషయంలో ఇంకా తొందరపడాలి.

మరి జ్ఞాన దంతం ఎప్పుడు తీయించాలి? పదేపదే చీము పట్టినా, పుచ్చినా, పక్క పన్నును పాడుచేస్తున్నా తీయించాలి. ఏ బాధా లేనిదాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లో వైద్య సేవలకు సలహాలిచ్చే నైస్ సంస్థ 2000 మార్చిలోనే సూచించింది. తీసే ముందు ఎక్స్‌రే తప్పనిసరి. కింది పన్ను వేరుకు దగ్గరగా పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది, అది దెబ్బతింటే పెదవి, గదవ తిమ్మిరెక్కుతాయి. తీసిన తర్వాత గాజుగుడ్డను అరగంట గట్టిగా కొరికి పట్టాలి. ఆ రోజు ఉమ్మడం, పుక్కిలించడం వద్దు. బీడీ కొన్నాళ్ళు ముట్టవద్దు. ముట్టినవారు మూడో నాడు ‘నొప్పి ముందుకన్నా ఎక్కువైంది’ అని తిరిగి వస్తుంటారు.

ఇక ఎత్తు పన్ను. మేము అడిగే మొదటి ప్రశ్న: ఇది చిన్నప్పటి నుండి ఉందా, ఈ మధ్య వచ్చిందా? పెద్దవారిలో పన్ను కొత్తగా ముందుకు జరుగుతూ, సందులు పడుతూ ఉంటే అది చిగుళ్ళ జబ్బు కావచ్చు. ముందు చిగుళ్ళకు వైద్యం, షుగరు పరీక్ష చేయించాలి, బీడీ మానాలి. తర్వాతే అందం మాట.

చిన్నప్పటి నుండి ఉన్నదానికి మంచి దారి క్లిప్పులు. ఏడేనిమిదేళ్ళ వయసులో ఒకసారి చూపించి, పెద్ద పళ్ళు వచ్చాక మొదలుపెడితే సులువు. చిగుళ్ళు బాగుంటే ముప్పై, నలభై ఏళ్ళ వారికీ పెట్టవచ్చు. ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది, తీసిన తర్వాత పళ్ళు వెనక్కి మళ్ళకుండా రిటెయినరు పెట్టుకోవాలి. హైదరాబాదు ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుండి గల్ఫ్‌కు పోయే తమ్ముళ్ళు మాత్రం వీసా చేతిలో ఉండగా క్లిప్పులు మొదలుపెట్టకండి. నెలనెలా బిగించేవారు లేకపోతే వేసినా ఉపయోగం ఉండదు.

రెండో దారి, పన్నును అరగదీసి క్యాపు వేయడం. తొందరగా అయిపోతుంది. కానీ బాగా ఎత్తుగా ఉన్న పన్నును అంత అరగదీస్తే నరం బయటపడుతుంది, రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. ఇక పీకించి కొత్తది పెట్టించడం చివరి దారి. బ్రిడ్జి వేయాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను కూడా అరగదీయాలి. ఒక్కటి పోగొట్టుకోబోయి మూడింటిని పాడుచేసుకున్నట్లు. పీకిన చోట దవడ ఎముక కూడా కరుగుతుంది.

మా దంత వైద్యులు ఆ అమ్మాయికి చిగురు శుభ్రం చేసి, ఎక్స్‌రే తీశారు. జ్ఞాన దంతం నిటారుగానే వస్తున్నది, అలాగే వదిలేశారు. నొప్పి నాలుగు రోజుల్లో తగ్గింది. ముందు పన్ను సంగతి తల్లికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి అమ్మాయే “నా పన్ను నాకు ఉండనియ్యుండ్రి” అన్నది. పెళ్ళి ఆ పన్నుతోనే అయింది. ఉగాది తర్వాత భర్తతో వచ్చి క్లిప్పులకు కొలతలు ఇచ్చి వెళ్ళింది.