పాత కారు ఇంజను: సిలిండరు పగలకుండా ఉండాలంటే

వెలుగుతున్న లాంతరు గ్లాసు మీద నీటి చుక్క పడితే టప్‌మని పగలడం మీరు చూసే ఉంటారు. చుక్క పడిన చోట గాజు సంకోచిస్తుంది, చుట్టుపక్కల ఇంకా వ్యాకోచించే ఉంటుంది. ఆ లాగుడికి గాజు ఓర్చుకోలేదు. ఇంజను సిలిండర్లు పగలడానికి కూడా చాలావరకు ఇదే కారణం.

అంబాసిడర్ కారునే తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో వీటి తయారీ 2014లో ఆగిపోయింది. పాత అంబాసిడర్లలో 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఉండేది. నాలుగు సిలిండర్లు, వాటి చుట్టూ నీళ్లు తిరిగే దారులు, అన్నీ కలిపి ఒకే పోత ఇనుప దిమ్మ. దాన్నే బ్లాకు అంటారు. పోత ఇనుము ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది కానీ లాగితే ఓర్చదు. వంగడం దానికి రాదు, పగలడమే. వెల్డింగ్ చేసినా పక్కనే మళ్లీ చీలే భయం ఉంటుంది. కంపెనీ నుండి కొత్త బ్లాకు రాదు కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

ఇంజను వేడిగా ఉండగా హెడ్డు విప్పకూడదు. పూర్తిగా చల్లారాక విప్పి, కడిగి, ముందు పగుళ్లున్నాయేమో చూడాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. కానీ సన్న పగులు శబ్దానికి దొరకదు. దానికి కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పూస్తారు. పగులు ఉంటే లోపలి కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద నల్లటి గీత పడుతుంది. ఎంత తేలికైన పరీక్షో చూడండి! (దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు.)

అరిగిన సిలిండరును లేత్ షెడ్డులో రీబోరింగ్ చేస్తారు. ఈ ఇంజను అసలు బోరు సుమారు 73 మి.మీ. అంగుళంలో వెయ్యో వంతును మెకానిక్‌లు ‘థౌ’ అంటారు. 40 థౌ పెంచితే బోరు దాదాపు 1 మి.మీ. పెరుగుతుంది, అంటే గోడ ప్రతివైపూ అర మి.మీ. పలచబడుతుంది. పోత పోసినప్పుడే ఒకవైపు గోడ పలచగా వచ్చి ఉంటే అక్కడే చీలుతుంది. అందుకే గోడ మందం కొలవకుండా బోరు పెంచకూడదు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. హెడ్డు స్టడ్డులు దిగే రంధ్రాల్లో కొన్నిటికి అడుగు మూసి ఉంటుంది. అందులో ఆయిలో, నీళ్లో మిగిలిపోతే స్టడ్డు దిగేకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. ద్రవాలు నొక్కితే కుదించుకోవని పాస్కల్ నియమం దగ్గర చదువుకున్నాం. జాకీ లారీని ఎత్తే బలం అదే. ఆ బలమే ఇక్కడ బ్లాకును చీలుస్తుంది. రంధ్రాలు గాలికొట్టి ఆరబెట్టాలి. హెడ్డు నట్లు ఒకేసారి బిగించకుండా మధ్య నుండి అంచులకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి.

నీటి దారుల్లో పేరుకున్న తుప్పు, సున్నపు పొర గీకి తీసెయ్యాలి. లేకపోతే నీళ్లు ఉన్నా వేడి బయటకు పోదు.

ఇక బండి ఘాట్ ఎక్కి రేడియేటర్ మరిగిందనుకోండి, వెంటనే చన్నీళ్లు పోస్తే లాంతరు గ్లాసు గతే! మూత తీస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది కూడా. బండి ఆపి, బాగా చల్లారనిచ్చి, తర్వాత ఇంజను స్టార్ట్ చేసి కొంచెం కొంచెంగా నీళ్లు పొయ్యాలి.