వీధి దీపం ఎక్కడ నిలబడాలి? ఎటు చూడాలి?



ట్యూషన్ ముగించుకుని పిల్లలు చీకటి పడ్డాక నడిచి వచ్చే దారిలో దీపాలు వెలుగుతున్నాయా లేదా అని మనమంతా గమనిస్తాం. అవి ఉండాల్సిన చోట ఉన్నాయా, తల సరైన దిక్కుకు ఉందా అన్నది మాత్రం పట్టించుకోం. నిజానికి దారి భద్రంగా ఉండాలంటే దీపం ఎన్ని వాట్లదో తెలిస్తే చాలదు, దాని స్థానం కూడా చూడాలి. ఈ నెల ఇంటి ప్రాజెక్టు దాని గురించే. పదో తరగతి గణితం, సైన్సు రెండూ ఇందులో పనికొస్తాయి.

పాత స్తంభం, కొత్త దీపం

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్న తర్వాత విశాఖపట్నంలో సుమారు 90 వేల వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. 2015 జనవరి 5న కేంద్రం దేశమంతటికీ ఇలాంటి పథకాన్ని మొదలుపెట్టింది. పసుపు పచ్చని సోడియం దీపాలు పోయి తెల్లని వెలుగు వచ్చింది, కరెంటు ఖర్చు తగ్గింది. అయితే ఇలా మార్చేటప్పుడు చాలాచోట్ల పాత స్తంభాలనే ఉంచి, పైన దీపం ఒక్కటే మారుస్తారు. ఆ స్తంభాల మధ్య దూరం పాత దీపానికి తగ్గట్టు పెట్టినది. కొత్త దీపం వెలుగు పరిచే తీరు వేరు. రెండింటికీ పొత్తు కుదరకపోతే స్తంభం కింద కళ్లు చెదిరే వెలుగు, మధ్యలో చీకటి మిగులుతాయి.

9, 12, 15 లెక్క

దీపం 9 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. స్తంభాల మధ్య 24 మీటర్లు. సరిగ్గా మధ్యలో, అంటే 12 మీటర్ల దగ్గర, మీ అమ్మాయి నిలబడింది. ఆమె కాళ్ల దగ్గరి నుంచి దీపానికి దూరం ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 15 మీటర్లు.

దూరం పెరిగితే వెలుగు ఆ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. స్తంభం కింద 100 పాళ్లు ఉంటే ఇక్కడికి 36 పాళ్లే చేరతాయి. అదీ నిటారుగా కాకుండా ఏటవాలుగా పడుతుంది కాబట్టి అందులో 60 శాతమే నేలకు దక్కుతుంది. అంటే సుమారు 22. అటూ ఇటూ ఉన్న రెండు దీపాలవీ కలిపితే 43.

ఇప్పుడు ఒక దీపం ఆరిపోయిందనుకోండి. ఆ స్తంభం కింద, పక్క స్తంభాల నుంచి వచ్చే వెలుగు 9 పాళ్లకు మించదు. "ఒక్క లైటే కదా" అని వదిలేయకూడదని చెప్పేది ఈ లెక్కే.

ఇది అన్ని వైపులకూ సమానంగా వెలిగే దీపానికి వేసిన లెక్క. మంచి ఎల్ఈడీ దీపంలో చిన్న కటకాలు ఉంటాయి. అవి నేరుగా కిందికి పంపే వెలుగును తగ్గించి రోడ్డు వెంబడి ఇరువైపులకూ ఎక్కువ పంపి, ఈ తేడాను పూడుస్తాయి. అందుకే దీపం తల పక్కకు తిరిగిపోతే కటకాల పనంతా వృథా.

ఏ వైపు? ఏ వాలు?

రోడ్డు వెడల్పు దీపం ఎత్తుకు మించకపోతే ఒకే వైపు స్తంభాలు చాలు. ఒకటిన్నర రెట్ల వరకు ఉంటే అటొకటి ఇటొకటిగా, అంతకు మించితే ఎదురెదురుగా లేదా డివైడర్ మీద జంటగా పెడతారు. మలుపులో ఒకే వరుస ఉంటే అది బయటి అంచున ఉండాలి. అప్పుడే రోడ్డు ఎటు తిరుగుతోందో డ్రైవరుకు ముందే తెలుస్తుంది.

పాత బ్రాకెట్లు చాలావాటికి పైకి వాలు ఉండేది. దాని మీదే ఎల్ఈడీని బిగిస్తే వెలుగు మేడ మీది కిటికీల్లోకీ డ్రైవరు కళ్లలోకీ పోతుంది.

రోడ్డు దాటే చోట ఇంకో సంగతి. దీపం సరిగ్గా జీబ్రా గీతల నెత్తిన ఉంటే వెలుగు మనిషి తల మీద పడుతుంది, డ్రైవరుకు కనిపించే వైపు నీడగానే ఉంటుంది. వచ్చే వాహనానికి గీతల కంటే కాస్త ముందే దీపం ఉంటే పిల్లవాడు నిండుగా కనిపిస్తాడు.

ఇంటి ప్రాజెక్టు

1. పగటిపూట స్తంభం ఎత్తు కొలవండి. 150 సెంటీమీటర్ల పిల్లవాడి నీడ 100 సెంటీమీటర్లు, అదే సమయంలో స్తంభం నీడ 6 మీటర్లు అయితే ఎత్తు 9 మీటర్లు. సరూప త్రిభుజాల పాఠం ఇదే.
2. ఫుట్‌పాత్ మీద అడుగులతో స్తంభాల మధ్య దూరం కొలవండి. దాన్ని ఎత్తుతో భాగించండి. మామూలుగా ఇది 3, 4 దగ్గర ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువైతే మధ్యలో చీకటి ఉందేమో చూడండి.
3. రాత్రి ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో స్తంభం కింద, మధ్యలో కొలిచి పోల్చండి. యాప్ అంకెలు ఉజ్జాయింపు మాత్రమే. మన దేశ ప్రమాణం ఐఎస్ 1944 (ఇది సంవత్సరం కాదు, ప్రమాణం సంఖ్య) ముఖ్యమైన రోడ్లకు సగటున 30 లక్స్, తక్కువ రద్దీ ఉండే చిన్న వీధులకు 4 లక్స్ చెబుతుంది.
4. కొమ్మలు అడ్డొస్తున్నాయా, తల తిరిగిపోయిందా రాయించండి.

రాత్రి కొలతలకు పిల్లలతో మీరు తప్పకుండా ఉండండి. స్తంభాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, వానాకాలంలో అసలే వద్దు.

లోపం కనిపిస్తే స్తంభం మీది నంబరు, కొలతలు రాసి మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇవ్వండి. ఆ కాగితం మీ పిల్లల చేతే రాయించండి. "మా వీధి చీకటిగా ఉంది" అని రాస్తే చదివినవాళ్లు ఎక్కడికి రావాలో తెలియదు. "ఈ నంబరు స్తంభానికీ ఆ నంబరు స్తంభానికీ మధ్య 42 మీటర్లు, ఎత్తు 9 మీటర్లు, బడి పిల్లలు దాటేది ఇక్కడే" అని రాస్తే మనిషిని పంపడానికి వీలుంటుంది. ఆ కాగితం ప్రతిని క్లాసుకు తెస్తే అదే ప్రాజెక్టు రికార్డు.