చూపు - దర్శనం

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. క్రీడలను చూడటం, పుణ్యక్షేత్రాలను దర్శించడం మనకు అలవాటైన పనులే. చూచినదాని నుండి ఏమి గ్రహించాలో తెలుసుకొన్నప్పుడే అవి జీవితానికి ఉపకరిస్తాయి. ఓటమి ఎదురైనప్పుడు మనిషి ఎలా నిలబడాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో ‘చూపు’ అనే మాట ఉన్నది. సంస్కృతం నుండి వచ్చిన ‘దర్శనం’ అనే మాట కూడా ఉన్నది. నిఘంటువు ఈ రెండింటికీ దాదాపు ఒకే అర్థం చెబుతుంది. కాని వాడుకలో వీటి మధ్య ఎంతో అంతరం ఉన్నది. సంతకు వెళ్ళినవాడు సంతను చూచి వస్తాడు. గుడికి వెళ్ళినవాడు దైవాన్ని దర్శించి వస్తాడు. మన పూర్వులు తత్త్వశాస్త్రాలకు సైతం దర్శనాలనే పేరు పెట్టారు. సాంఖ్యం, యోగం, న్యాయం, వైశేషికం, మీమాంస, వేదాంతం అనే ఆరింటినీ షడ్దర్శనాలన్నారు. కంటికి కనబడేదాని వెనుక ఉన్న కనబడనిదాన్ని గ్రహించడమే దర్శనమని వారి భావం.

ఈ అంతరం నాకు గ్రంథాల వల్ల తెలియలేదు. ఒక కొండ మెట్ల మీద కొంత, ఒక క్రికెట్ ఆటను చూస్తూ కొంత తెలిసింది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షల్లో నేను గణితంలో తప్పాను. అప్పుడు నా వయసు పదహారేళ్ళు. ఊళ్ళో ఎవరికీ ముఖం చూపలేక ఇంట్లోనే ఉండిపోయాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు, తప్పిన మార్కులే కనబడేవి. చదువు మానివేస్తానని ఒకనాడు మా అమ్మతో అన్నాను. ఆమె నన్ను మందలించలేదు, ఓదార్చలేదు. “నాకు తిరుమల మెట్ల మొక్కు ఉన్నది. తోడు రా, నాయనా” అన్నది.

అలిపిరి వద్ద పాదాల మండపంలో నమస్కరించి నడక మొదలుపెట్టాం. అక్కడి నుండి కొండపైకి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. అమ్మ మొక్కు మామూలు నడక కాదు. ప్రతి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఎక్కాలి. అంటే ప్రతి మెట్టు వద్దా వంగాలి, మళ్ళీ లేవాలి. నేను మాత్రం పది మెట్లు ముందుకు ఎక్కి, వెనుదిరిగి చూస్తూ, విసుగుతో నిట్టూరుస్తూ ఉన్నాను. ఎక్కినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని లెక్క కడుతూనే ఉన్నాను. లెక్క పెరిగేకొద్దీ నా కాళ్ళు బరువెక్కాయి.

గాలిగోపురం చేరకముందే అమ్మకు నడుము పట్టింది. ఆమె చేతిలోని పసుపు కుంకుమల పొట్లాలు నేను తీసుకొన్నాను. “ఎన్ని మిగిలాయో చూడకు, నాయనా. బొట్టు పెట్టే మెట్టునే చూడు” అన్నది. వంగి బొట్టు పెట్టడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి తెలిసింది. వంగినవాడికి శిఖరం కనబడదు. చేతి కింద ఉన్న ఒక్క మెట్టే కనబడుతుంది. ఆ ఒక్క మెట్టు ఎవరికీ బరువు కాదు. గాలిగోపురం దాటిన తరువాత దారి కొంత దూరం సమంగా సాగింది. చివర మోకాళ్ళ పర్వతం నిటారుగా ఎదురైంది. కొందరు భక్తులు ఆ మెట్లను మోకాళ్ళపై ఎక్కుతున్నారు. ఆ రాత్రికి గాని మేము కొండపైకి చేరుకోలేదు.

మరునాడు స్వామి సన్నిధిలో మేము నిలిచినది కొన్ని క్షణాలే. జరగండి, జరగండి అనే మాటల మధ్య జనప్రవాహం మమ్మల్ని బయటకు తెచ్చింది. పరీక్ష గట్టెక్కించమని వేడుకోవాలని అనుకొన్నవాణ్ణి ఆ మాటే మరచిపోయాను. ఇన్ని గంటల నడకకు ఇన్ని క్షణాల దర్శనమా అని మొదట చిన్నబోయాను. తరువాత ఆలోచిస్తే, నా దర్శనం మెట్ల మీదనే చాలావరకు పూర్తయిందని తోచింది. ఇంటికి వచ్చి గణిత పుస్తకంలో మొదటి అధ్యాయం మొదటి లెక్క తీశాను. మరుసటి పరీక్షలో ఉత్తీర్ణుణ్ణయ్యాను. గొప్ప మార్కులేమీ రాలేదు. కాని చదువు నిలిచింది.

తరువాతి కాలంలో ప్రాచీన సాహిత్యం చదువుతున్నప్పుడు ఆ మోకాళ్ళ పర్వతం మళ్ళీ ఎదురైంది. తాళ్ళపాక అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న తన తాత జీవితాన్ని ద్విపద కావ్యంగా రచించాడు. బాలుడైన అన్నమయ్య పాదరక్షలతోనే కొండ ఎక్కబోయి, ఆ పర్వతం వద్ద అలసి నిద్రపోయాడట. అలమేలుమంగ కనికరించి, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందట. మేల్కొన్న అన్నమయ్య ఆ తల్లిపై శతకం చెప్పాడని కథనం. ఎంతటి మహాకవికైనా మొదటి యాత్రలో ఒక అలసట, ఒక నేర్చుకోవడం తప్పలేదని ఆ కథ చదివి సంతోషించాను. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో తరాల తరబడి మరుగున ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగు చూచి, పండితుల కృషితో అచ్చులోకి వచ్చాయి. ఫలం ఆలస్యమైనంత మాత్రాన పని వ్యర్థం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మెట్ల మీద నేర్చుకొన్న ఈ పాఠాన్ని ఉద్యోగంలో చేరాక నేను కొంత మరచిపోయాను. దానిని మళ్ళీ గుర్తుచేసినది 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య జరిగిన టెస్టు మ్యాచ్.

అప్పటికి ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉన్నది. ముంబాయిలో జరిగిన మొదటి టెస్టులో మన జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. కోల్‌కతాలో ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా, మనవారు 171 పరుగులకే కుప్పకూలారు. ఐదు రోజుల టెస్టులో 200 లేదా అంతకు మించిన పరుగుల వెనుకబడిన జట్టును వెంటనే మళ్ళీ బ్యాటింగ్ చేయమనే హక్కు ప్రత్యర్థికి ఉంటుంది. దీనినే ఫాలో-ఆన్ అంటారు. ఆస్ట్రేలియా నాయకుడు స్టీవ్ వా ఆ హక్కును వినియోగించుకొన్నాడు. ఒక విధంగా అది పరీక్ష తప్పినవాడు మళ్ళీ పరీక్షకు కూర్చోవడం వంటిదే. మూడవ రోజు నేను విసుగుతో టి.వి. కట్టివేశాను. ఆ రోజు ఆట ముగిసేసరికి మన జట్టు 4 వికెట్లకు 254 పరుగులు చేసింది. ఇంకా 20 పరుగులు వెనుకనే ఉన్నది.

మరునాడు మార్చి 14. మధ్యాహ్నం తరగతులు ముగించుకొని వస్తుంటే ఒక టి.వి. దుకాణం ముందు జనం గుమిగూడి ఉన్నారు. “ఎంతమంది అవుటయ్యారు?” అని అడిగాను. “ఒక్కరు కూడా లేదండి” అని ఎవరో బదులు చెప్పారు. నేనూ ఆ గుంపులో నిలబడిపోయాను. హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్, కర్ణాటకకు చెందిన రాహుల్ ద్రావిడ్ ఆ రోజంతా, 90 ఓవర్లపాటు, ఒక్క వికెట్టు కూడా పడకుండా ఆడారు. ఒక్క రోజులో 335 పరుగులు జోడించారు. బ్యాటుపై వంగి నిలిచిన లక్ష్మణ్‌ను చూస్తున్నప్పుడు నాకు మెట్టుపై వంగిన అమ్మ గుర్తుకు వచ్చింది. వెనుకబడిన పరుగులెన్ని, మిగిలిన గంటలెన్ని అని చూచేవాళ్ళం మేము. ఆడేవాడికి వచ్చే బంతి ఒక్కటే కనబడుతున్నది.

లక్ష్మణ్ 452 బంతులు ఆడి 281 పరుగులు చేశాడు. ద్రావిడ్ 180 పరుగులు చేశాడు. వారిద్దరి భాగస్వామ్యం 376 పరుగులు. 7 వికెట్లకు 657 పరుగుల వద్ద మన జట్టు ఇన్నింగ్స్‌ను ముగించింది. చివరి రోజు తేనీటి విరామ సమయానికి ఆస్ట్రేలియా కోల్పోయినవి 3 వికెట్లే. అప్పటికీ గెలుపు నిశ్చయం కాదు. విరామం తరువాత హర్భజన్ సింగ్, సచిన్ టెండూల్కర్‌ల బౌలింగులో వికెట్లు వెంట వెంట పడి, ఆ జట్టు 212 పరుగులకు ముగిసింది. మనం గెలిచిన తేడా 171 పరుగులు. మొదటి ఇన్నింగ్స్‌లో మనం చేసినవి కూడా సరిగ్గా 171 పరుగులే. మూడవ రోజు సిగ్గుపడి తలదించుకొన్న సంఖ్యనే ఐదవ రోజు తలెత్తుకొని చెప్పుకొన్నాం. సంఖ్య మారలేదు. దాని తరువాత మనవారు చేసిన పని దాని అర్థాన్ని మార్చింది.

ఆ టెస్టు మొదలైన మార్చి 11ననే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మరొక తెలుగు క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతగా నిలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తరువాత ఆ ఘనత సాధించిన భారతీయుడు ఆయనే. 1994లో ఆయన మోకాలికి తీవ్రమైన గాయం తగిలింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆట ముగిసిందని అనుకొన్నవారు ఎందరో. గెలిచిన నాడు ఆయన చేతిలోని బహుమతిని లోకం చూచింది. ఆ మోకాలు మళ్ళీ నిలబడటం నేర్చుకొన్న సంవత్సరాలను ఎవరూ చూడలేదు. తరువాత ఆయన శిక్షకుడై, సైనా నెహ్వాల్, పి.వి. సింధు వంటి ఒలింపిక్ పతక విజేతలను తీర్చిదిద్దాడు.

ఇలా కనబడకుండా నిలబెట్టే బలాన్ని రాతిలో చూడాలంటే పాలంపేటలోని రామప్ప దేవాలయానికి వెళ్ళాలి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని నిర్మింపజేశాడు. శాసన కాలం 1213. విద్యార్థులతో విహారయాత్రకు వెళ్ళినప్పుడు అందరి దృష్టీ నల్లరాతి మదనికల సొగసుపైనే నిలిచింది. నీటిపై తేలేంత తేలికైన శిఖరపు ఇటుకల గురించి విని అబ్బురపడ్డారు. ఆలయానికి కింద ఇసుకతో నింపిన పునాది ఉన్నదని చెబితే, అది కనబడదు కదా అని ఒక విద్యార్థిని అన్నది. నిజమే, కనబడదు. శతాబ్దాల ఒత్తిడికి మండపంలో నేల కొంత కుంగి ఎగుడుదిగుడైంది. అయినా ఆలయం నిలిచి ఉన్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. కొంత కుంగడం కూలిపోవడం కాదని ఆ నేలను చూచి తెలుసుకోవచ్చు.

ఓర్పు పట్టినవారందరూ గెలుస్తారని నేను చెప్పబోవడం లేదు. 1877లో మొదలైన టెస్టు క్రికెట్టులో ఫాలో-ఆన్ ఆడిన జట్టు గెలిచినది 2023 వెల్లింగ్టన్ మ్యాచ్ వరకు నాలుగు సార్లే. లక్ష్మణ్, ద్రావిడ్‌లకు నాలుగవ రోజు ఉదయం ఫలితం తెలియదు. వారి చేతిలో ఉన్నది తరువాతి బంతి మాత్రమే. ఫలాపేక్ష వదలి పని చేయడమంటే ఫలం వద్దనడం కాదు. దానిని లెక్కపెట్టే తొందరలో చేతిలోని పనిని పాడుచేసుకోకపోవడం.

ఇంకొక మాట. ఆ 376 పరుగులలో ఒక్క పరుగు కూడా ఎవరూ ఒంటరిగా చేసినది కాదు. రెండవ కొసన మరొకరు నిలిచి ఉన్నారు. అమ్మకు నడుము పట్టినప్పుడు పొట్లాలు నా చేతికి వచ్చాయి. నేను చదువు మానివేస్తానన్నప్పుడు ఆమె నాకు తోడుగా వచ్చింది. ఫలితాలు వెలువడే ప్రతి వేసవిలోనూ, ఒక సంఖ్యను చూచి జీవితమే ముగిసిందని తొందరపడిన విద్యార్థుల వార్తలు చదివి మనసు కలతపడుతుంది. వారు మార్కుల జాబితాను చూచారు. దానిలో తమ శ్రమ, తమ వయసు, ముందున్న కాలం కనబడవు. ఓటమి బరువైనప్పుడు దానిని ఒంటరిగా మోయకండి. తల్లిదండ్రులకో, అధ్యాపకునికో, స్నేహితునికో చెప్పండి. చెప్పుకోవడం బలహీనత కాదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. అలిపిరి మెట్లపై ఎవరో ఒక తల్లి నేడు కూడా వంగి బొట్టు పెడుతూనే ఉంటుంది. మీరు ఆ దారిన వెళ్ళినప్పుడు, ఎక్కవలసిన మెట్లను లెక్కించకుండా ఒక్క క్షణం ఆమెను చూడండి. అప్పుడు మీ చూపు దర్శనమవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

అంతరం : భేదం, తేడా
సన్నిధి : సమీపం, ఎదురు
కథనం : చెప్పబడిన వృత్తాంతం
నిదర్శనం : ఉదాహరణ, తార్కాణం
మదనికలు : ఆలయాలపై చెక్కిన స్త్రీమూర్తులు
ఫలాపేక్ష : ఫలితంపై కోరిక

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చూపునకు, దర్శనానికి గల భేదాన్ని రచయిత ఏయే ఉదాహరణలతో నిరూపించాడు?
2. తిరుమల మెట్ల యాత్రకు, కోల్‌కతా టెస్టు మ్యాచ్‌కు రచయిత చూపిన పోలికను వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మోకాళ్ళ పర్వతం వద్ద అన్నమయ్యకు కలిగిన అనుభవం ఏమిటి?
2. 171 అనే సంఖ్య ప్రాముఖ్యాన్ని తెలపండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “బొట్టు పెట్టే మెట్టునే చూడు.”
2. కొంత కుంగడం కూలిపోవడం కాదు.

ఈ) భాషాంశాలు
1. సంధులు విడదీసి, పేర్లు రాయండి : విద్యార్థి, ప్రత్యర్థి, ఫలాపేక్ష
2. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి : తల్లిదండ్రులు, రాగిరేకులు, షడ్దర్శనాలు

ఉ) మీరు ఓడిపోయి మళ్ళీ ప్రయత్నించిన ఒక సందర్భాన్ని ఒక పుటకు మించకుండా మీ సొంత మాటల్లో రాయండి. ఆ సమయంలో మీకు తోడు నిలిచినవారెవరో తప్పక పేర్కొనండి.