మూడో రంధ్రం సంగతి



ప్లగ్గు పెట్టే బోర్డుకు మూడు రంధ్రాలుంటాయి. కింద రెండు చిన్నవి, పైన ఒకటి పెద్దది. ఆ పైది ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? మొన్న వేసవి సెలవుల దాకా నేనూ ఆలోచించలేదు.

మా కొత్త ఇంటికి వైరింగు చేసింది మా పెదనాన్న కొడుకు. అన్నయ్య పదో తరగతి పాసై, పట్నంలో ఒకాయన దగ్గర పని నేర్చుకున్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. లైట్లు వెలిగాయి, అందరం సంతోషించాం. నాలుగు రోజులకు అమ్మ తడి చేత్తో ఇనుప టేబుల్ ఫ్యాను జరపబోయింది. షాక్ కొట్టి వెనక్కి పడింది. దేవుడి దయ, బతికింది. అన్నయ్య వచ్చి చూసి "చెప్పులేసుకుని ముట్టుకో పిన్నీ, ఏం కాదు" అన్నాడు.

నాకు భయం పోలేదు. నాన్నతో పోరు పెట్టి మండలం నుంచి లైసెన్సున్న కాంట్రాక్టరు గారిని పిలిపించాం. ఆయనతో పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ వచ్చాడు. మెగ్గర్ అనే మీటరు పెట్టి ఇల్లంతా చూశారు. మూడు తప్పులు బయటపడ్డాయి.

1. పైరంధ్రానికి వైరే లేదు. అది ఎర్త్ రంధ్రం. ఫ్యాను లోపల వైరు తెగి ఇనుముకు తగిలితే, ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు పోయి ఫ్యూజు కాలుతుంది, సరఫరా ఆగుతుంది. ఎర్త్ లేకపోతే మన ఒంట్లోంచి పోతుంది.

2. స్విచ్చి న్యూట్రల్ వైరు మీద ఉంది. లైటు ఆరిపోతుంది గానీ హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. స్విచ్చి ఎప్పుడూ ఫేజు వైరు మీదే ఉండాలి.

3. పైకప్పు కింద అతుకులకు టేపు సరిగా చుట్టలేదు. వైర్ల ఇన్సులేషన్ 1 మెగాఓమ్‌కు తగ్గకూడదు. మా ఇంట్లో తగ్గింది.

వాళ్ళు గొయ్యి తీసి రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ కట్టారు. ఎండాకాలం అందులో నీళ్ళు పోయమన్నారు. ఆ పని ఇప్పుడు మా తమ్ముడిది.

మరి రూలు ఏమంటుంది? 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు ఉండేది. ఇంటి వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండాలి, చేసేవాడికి పర్మిట్ ఉండాలి అని. తర్వాత 2010లో, మళ్ళీ 2023లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ కొత్త నిబంధనలు తెచ్చింది. ఈ మూలసూత్రం మాత్రం మారలేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి పాడైతే అలాంటిదే ఇంకొకటి మార్చుకోవడానికి పర్మిట్ అక్కర్లేదు. అదైనా మెయిను ఆపి, పెద్దవాళ్ళే చేయాలి. పని అయ్యాక కాంట్రాక్టరు సంతకం పెట్టిన టెస్టు రిపోర్టు అడిగి తీసుకోవాలి.

ఇది చదివి అన్నయ్యను తిట్టుకోకండి. అతని చేతిపని మంచిదే. అయితే లైటు వెలిగితే పని అయిపోయిందనుకున్నాడు. పర్మిట్ అంటే ఒట్టి కాగితం కాదు, వెలగడం వేరు, క్షేమంగా ఉండడం వేరు అని తెలిసిన మనిషని గుర్తు. ఆ రోజు అన్నయ్య మెగ్గర్ వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాడు. రెండేళ్ళ చదువు. తర్వాత రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డుకు పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టుకుంటాడట. పదో తరగతి అక్కలూ, అన్నలూ, మీరూ ఆలోచించండి. మన గూడేలకు అలాంటి వాళ్ళు కావాలి.

మిత్రులారా, చదివి ఊరికే వెళ్ళిపోకండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి:

• బోర్డు పైరంధ్రానికి ఎర్త్ వైరు ఉందా అని పెద్దవాళ్ళను అడగండి. మీరు మాత్రం పుల్ల గానీ వేలు గానీ పెట్టి చూడొద్దు.
• ప్లగ్గు లేకుండా అగ్గిపుల్లలతో వైర్లు గుచ్చితే తీయించండి.
• ఫ్యూజులో లావు రాగితీగ వేస్తే మార్పించండి. అది కాలదు, ఇల్లు కాలుతుంది.

చేస్తారు కదూ!

– 9వ తరగతి విద్యార్థిని